పండులో పురుగు, పురుగులో కందిరీగ

భ్రమర కీటక న్యాయం అని ఒకటుంది కదా, భ్రమరం ఒక పురుగుని గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే ఆ పురుగు భయంతో దాన్నే తల్చుకుని తల్చుకుని చివరికి భ్రమరమైపోతుందట. మాకు క్లాసులో కూడా ఇలాగే చెప్పారు, గూడు విప్పి చూడమని ఒక్కరూ అనలేదు. చూసుంటే తెలిసేది, పురుగు మారలేదు, ఆ భ్రమరం నిజానికి కందిరీగ, పురుగు దాని పిల్లకి తిండైపోయింది.

యాపిల్ తోటల్లో ఇంతకన్నా పెద్ద మాయ జరుగుతుంది. కాడ్లింగ్ మాత్ అనే రెక్కల పురుగు ఆకు మీదో కాయ మీదో మిల్లీమీటరు సైజు గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు పుట్టాక రోజు తిరక్కుండానే కాయ తొలుచుకుని లోపలికి పోతుంది, ఇక పైన ఏ మందు కొట్టినా దానికి తగలదు. కానీ ఆస్కోగాస్టర్ అనే చిన్న నల్ల కందిరీగ అంతకుముందే వచ్చి ఆ గుడ్డులో తన గుడ్డు పెట్టేసి పోతుంది! పురుగు మామూలుగానే పుట్టి, శత్రువుని ఒంట్లో పెట్టుకుని మరీ కాయలోకి దూరుతుంది.

మరి పురుగు రక్తకణాలు ఊరుకుంటాయా? బయటిది ఏదొచ్చినా పొరలు పొరలుగా చుట్టేసి, నల్లగా గట్టిపడే మెలనిన్‌తో ఊపిరాడకుండా చంపేస్తాయి. అందుకే కందిరీగ గుడ్డుతో పాటు వైరస్‌ని కూడా ఎక్కిస్తుంది, నాకు పిచ్చెక్కించే విషయం ఇదే. దాదాపు 10 కోట్ల ఏళ్ల కింద ఒక వైరస్ ఈ కందిరీగల పూర్వీకుల డీఎన్ఏలో కలిసిపోయింది, ఇప్పుడు ఆ బ్రాకోవైరస్ కణాలు ఆడ కందిరీగ అండాశయాల్లోనే తయారవుతాయి, పురుగులోకి వెళ్లాక అవి పెరగవు, మోసుకొచ్చిన జీన్స్‌తో పురుగు రక్షణని పడుకోబెట్టడమే వాటి డ్యూటీ.

మామూలుగా ఎదుగుదలలో ఐదో దశ దాటాక గూడు అల్లాల్సిన పురుగు ఇప్పుడు నాలుగో దశలోనే తొందరపడి అల్లేస్తుంది. కందిరీగ పిల్ల ఆ పురుగుని చీల్చుకుని బయటికొచ్చి, మిగిలిందంతా తినేసి, అదే గూట్లో తన గూడు కట్టుకుంటుంది. పైనుంచి చూసేవాళ్లకి పురుగు అల్లిన గూట్లోంచి కందిరీగ వచ్చినట్టే, భ్రమర కీటక న్యాయం పుట్టమంటే పుట్టదా మరి!

ఒక్కటే చిక్కు, ఆ కాయ అప్పటికే పుచ్చిపోయుంటుంది. లాభమల్లా తర్వాతి తరం పురుగులు తగ్గడంలోనే. కాయ దక్కాలంటే గుడ్డులోనే పురుగుని తినేసే ట్రైకోగ్రామా అనే ఇంకో కందిరీగ కావాలి, అర మిల్లీమీటరు ఉంటుందేమో, మాత్ గుడ్డు మీద అటూ ఇటూ నడిచి సైజు కొలుచుకుని ఎన్ని గుడ్లు పెట్టాలో లెక్కేసుకుంటుంది, ఆ గుడ్డు కొన్ని రోజుల్లో నల్లబడిందంటే లోపల పురుగు లేదన్నమాటే.