స్కాట్స్-ఐరిష్ పూర్వీకుల వెతుకులాట: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని తెలుగు ఇళ్లలో మనవడికి వంశవృక్షం రాయాలని కూర్చుంటే తండ్రి వైపు గోత్రంతో సహా చకచకా వచ్చేస్తుంది. తల్లి వైపువాళ్లు అమెరికన్లయితే, డెబ్బై దాటిన వియ్యంకుడి దగ్గర తరచూ దొరికేది ఒక్క ముక్కే: "మావాళ్లు స్కాట్స్-ఐరిష్." అక్కడి నుంచి వెనక్కి వెళ్లడానికి దారి ఉంది. చాలామందిని మొదట్లోనే ఆపేసేవి ఈ అపోహలు.

అపోహ: స్కాటిష్ తండ్రికి, ఐరిష్ తల్లికి పుట్టినవాళ్ల సంతతే స్కాట్స్-ఐరిష్.

వాస్తవం: వీళ్లలో ఎక్కువమంది దక్షిణ స్కాట్లండ్ నుంచి ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌కు వలస వెళ్లిన ప్రెస్బిటేరియన్లు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ). ఆంట్రిమ్, డౌన్ కౌంటీలకు 1606 నుంచి, మిగతా అల్‌స్టర్‌కు 1610 ప్రాంతం నుంచి వెళ్లారు. 1690ల్లో స్కాట్లండ్‌లో కరువు వచ్చినప్పుడు ఇంకా పెద్ద సంఖ్యలో కదిలారు. 1718 నుంచి వాళ్ల పిల్లలు, మనవలు గుంపులుగా అమెరికా ఓడలెక్కారు. అందుకే వెతుకులాట అమెరికాలో మొదలై, అల్‌స్టర్ మీదుగా స్కాట్లండ్ చేరాలి. మధ్య మెట్టు వదిలేసి నేరుగా స్కాట్లండ్ రిజిస్టర్లలో దూకితే అదే పేరున్న వేరే మనిషి దొరుకుతాడు. చెట్టంతా తప్పుతుంది.

అపోహ: 1922 అగ్నిప్రమాదంలో ఐరిష్ రికార్డులన్నీ కాలిపోయాయి.

వాస్తవం: ఇది విని ఎంతోమంది ప్రయత్నమే మానుకున్నారు. డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల దగ్గరి రికార్డు ఆఫీసులో 1922 జూన్ 30న జరిగిన విధ్వంసంలో 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల్లో చాలా భాగం, వీలునామాలు, ప్రొటెస్టెంట్లలోనే మరో శాఖ అయిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. నిజమే. కానీ ప్రెస్బిటేరియన్ రిజిస్టర్లు అక్కడ లేవు. అవి ఆయా సంఘాల దగ్గరే ఉండేవి. 1901, 1911 జనాభా లెక్కలు పూర్తిగా మిగిలాయి, ఆన్‌లైన్‌లో ఉచితం. క్యాథలిక్కులు కానివారి పెళ్లిళ్లు 1845 నుంచి, జనన మరణాలు 1864 నుంచి ప్రభుత్వ రిజిస్టర్లలో ఉన్నాయి. 1847-64 మధ్య పన్ను కోసం ఆస్తుల విలువ కట్టిన గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో ఇల్లు, భూమి అనుభవిస్తున్నవాళ్ల పేర్లున్నాయి.

అమెరికా వెళ్లింది 1700ల్లో అయితే ఇవి చాలవు. 1740 ప్రొటెస్టెంట్ కుటుంబ యజమానుల జాబితా, 1766 మత గణన, 1796 అవిసె రైతుల జాబితా చూడాలి. మొదటి రెండింటి అసలు ప్రతులు చాలావరకు పోయినా, అంతకుముందే రాసుకున్న నకళ్లు కొన్ని ప్రాంతాలకు మిగిలాయి. ఆ నకళ్లను బెల్ఫాస్ట్‌లోని ఉత్తర ఐర్లండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు సైట్‌లో పేరుతో వెతకొచ్చు. అయితే పేరొక్కటే పట్టుకుని వెళ్తే లాభం లేదు. ఒక్కో కౌంటీలో పదుల మంది జాన్ హ్యామిల్టన్‌లుంటారు. టౌన్‌ల్యాండ్ పేరు కావాలి. మన రెవెన్యూ గ్రామం కన్నా చిన్నదైన ఈ భూభాగాలు ఐర్లండ్‌లో అరవై వేలకు పైనే ఉన్నాయి. ఆ పేరు అమెరికా వైపే దొరకాలి: సమాధి రాయి, వీలునామా, పాత పత్రికలో మరణ వార్త, చర్చి సెషన్ (చర్చి పెద్దల సభ) పుస్తకం. అమెరికా జనాభా లెక్కల్లో "ఐర్లండ్" అని మాత్రమే రాసి ఉంటుంది.

అపోహ: వచ్చిన ఓడ ప్రయాణికుల జాబితా దొరికితే చాలు.

వాస్తవం: అమెరికా ప్రభుత్వం ప్రయాణికుల జాబితాలు అడగడం మొదలుపెట్టింది 1820 నుంచే. 1727 నుంచి ఉన్న పెన్సిల్వేనియా జాబితాలు జర్మన్ల వంటి విదేశీయులవి. అల్‌స్టర్ వాళ్లు బ్రిటిష్ రాజు ప్రజలు కాబట్టి వాటిలో రాయలేదు. ఓడకు బదులు ఇరుగుపొరుగును వెతకండి. 1772లో పాస్టర్ విలియం మార్టిన్ వెంట ఐదు ఓడల్లో జనం దక్షిణ కరోలినా వెళ్లారు. ఇలా కలిసి వచ్చినవాళ్లు పక్కపక్కనే భూములు తీసుకుని, ఒకరి దస్తావేజుకు ఒకరు సాక్షి సంతకం పెట్టేవారు. మీ మనిషి ఊరు దొరక్కపోయినా సాక్షి ఊరు దొరకవచ్చు.

అపోహ: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఊరు తెలుస్తుంది.

వాస్తవం: కంపెనీ పంపే "ఫలానా ప్రాంతం ఇంత శాతం" అనే పటాన్ని నమ్ముకోకండి. దక్షిణ స్కాట్లండ్, అల్‌స్టర్ జనాల మధ్య రాకపోకలు, పెళ్లిళ్లు శతాబ్దాలుగా ఉన్నాయి. పరీక్ష వాటి మధ్య గట్టి గీత గీయలేదు. కంపెనీ లెక్క సవరించినప్పుడల్లా శాతాలూ మారతాయి. పనికొచ్చేది డీఎన్ఏ కలిసిన బంధువుల (మ్యాచ్‌ల) జాబితా. అందుకే పరీక్ష మనవడికి కాదు, అమ్మ వైపు తాతగారికి చేయించాలి. తాతగారిలో ఏడు తరాల వెనకటి పూర్వీకుడి వాటా సగటున 128వ వంతు. మనవడికి వచ్చేసరికి అది 512వ వంతు. ఈ ఒక్క పనిని మాత్రం వాయిదా వేయకండి. ఉమ్మి నమూనాకు ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. మందుల వల్ల నోరు పొడిబారే పెద్దవాళ్లకు చెంప లోపల పుల్లతో రుద్దే కిట్ తేలిక. నాలుగో స్థాయి కజిన్లలో (ఐదు తరాల వెనకటి పూర్వీకులు ఒకరే అయినవాళ్లలో) దాదాపు సగం మందితో గుర్తించదగ్గ డీఎన్ఏ ఉండదు. మ్యాచ్ రాలేదంటే చుట్టరికం లేదని కాదు.

అపోహ: మెక్ అని రాస్తే ఐరిష్, మాక్ అని రాస్తే స్కాటిష్.

వాస్తవం: రెండూ ఒకటే. గుమాస్తా ఎలా రాస్తే అలా. అన్ని స్పెల్లింగులతోనూ వెతకండి.

అపోహ: ఓపిక ఉంటే స్కాట్లండ్‌లోని ఊరు తప్పక దొరుకుతుంది.

వాస్తవం: చాలా కుటుంబాలకు దొరకదు. అల్‌స్టర్ ప్రెస్బిటేరియన్ రిజిస్టర్లలో ఎక్కువ భాగం 1800 తర్వాతే మొదలవుతాయి. అయినా ప్రాంతాన్ని ఊహించడానికి ఒక ఆధారం ఉంది. టౌన్‌ల్యాండ్ తెలిస్తే 1630 ప్రాంతపు మస్టర్ రోల్‌లో (భూస్వాముల వారీగా ఆయుధం పట్టగల మగవాళ్ల జాబితాలో) అక్కడి భూస్వామి ఎవరో చూడండి. చాలామంది భూస్వాములు స్కాట్లండ్‌లోని తమ ప్రాంతం నుంచే కౌలుదార్లను తెచ్చుకున్నారు. డౌన్ కౌంటీలో స్థిరపడిన హ్యామిల్టన్, మాంట్‌గోమరీ అనే భూస్వాములిద్దరూ నైరుతి స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ వాళ్లు. అలాంటి భూమిలో మీ ఇంటిపేరు కనిపిస్తే స్కాట్లండ్‌లో మొదట తెరవాల్సింది ఎయిర్‌షైర్ పారిష్ రిజిస్టర్లే. స్కాట్లాండ్స్‌పీపుల్ సైట్‌లో 1855కు ముందువి ఉన్నాయి; పేజీ తెరవడానికి క్రెడిట్లు కొనాలి. స్కాట్లండ్‌లో 1600 నుంచి కొత్త ఏడాది జనవరి 1న మొదలైంది, ఐర్లండ్‌లో 1752 దాకా మార్చి 25న. అందుకే జనవరి, ఫిబ్రవరి తేదీల్లో ఒక ఏడాది తేడా కనిపిస్తే వేరే మనిషి అని వెంటనే కొట్టేయకండి.