ఒర చూసి కత్తి కొనండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ముగ్గురూ ఒకేసారి మాట్లాడితే నాకు సగమే అర్థమైంది. ఎప్పుడూ దగ్గర ఉంచుకోవడానికి మడత పడని చిన్న కత్తి ఏది మంచిదో చెప్పమన్నారు, అంతేనా? మీరు పంపిన ఫొటోలు చూశాను. నల్ల రంగు, వీపు మీద రంపం పళ్లు, సినిమాలో విలన్ పట్టుకునే రకం. వాటిలో ఒక్కటీ కొనొద్దు.

ముందు ఓ వారం రోజులు గమనించండి, కత్తి ఎందుకు అవసరం పడుతోందో. పార్సిల్ టేపు, ప్లాస్టిక్ తాడు, జామకాయ, ఎరువు బస్తా కుట్టు, ట్రెక్కింగ్‌కి వెళ్తే పుల్ల చెక్కడం. వీటిలో ఏ పనికీ, పిడి కాకుండా, నాలుగంగుళాలు దాటిన కత్తి అక్కర్లేదు. మీ అరచెయ్యి ఎంత వెడల్పుందో కత్తి అంత పొడవుంటే చాలు. అంతకన్నా పొడవైతే మొన ఎక్కడ ఉందో చేతికి తెలియదు, ఎక్కువగా తెగేది అక్కడే.

అందరూ పొడవు చూస్తారు గానీ మందం చూడరు. దళసరిగా ఉంటే గట్టిదని నమ్మకం. అయిదు మిల్లీమీటర్ల మందం కత్తితో పచ్చిమామిడికాయ కోసి చూడండి. మేకు దిగ్గొట్టినట్టు కాయ పగులుతుంది, ముక్క తెగదు. అంచు ఎంత పదునుగా ఉన్నా వెనకాల ఉన్న మందం కూడా ఆ కాయలోంచే పోవాలి కదా. చిన్న పనులకు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు చాలు. కత్తితో కట్టెలు చీల్చడం, డబ్బా మూత పెకలించడం నేను చెయ్యను, మిమ్మల్నీ చెయ్యనివ్వను. దానికి గొడ్డలి ఉంది, స్క్రూడ్రైవర్ ఉంది.

ఒక పేరు చెప్పమంటే స్వీడన్ వాళ్ల మోరా కత్తి చెబుతాను. మోరా అనేది ఊరి పేరు, దలార్నా ప్రాంతంలో ఉంది. ఇప్పటి కంపెనీకి మూలమైన కార్ఖానా 1891లో మొదలైంది. వాళ్ల కంపానియన్ అనే రకంలో పిడి కాకుండా కత్తి పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినదాని మందం 2.5 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ ఒర, రబ్బరులాంటి పట్టున్న పిడి. చూడ్డానికి ఏ అందమూ లేదు. వడ్రంగులు, చేపలు పట్టేవాళ్లు వాడుకునే వస్తువు, ఖరీదూ ఆ లెక్కలోనే ఉంటుంది. పిల్లల కోసం మొన గుండ్రంగా చేసి, వేళ్లు జారకుండా పిడి దగ్గర అడ్డు పెట్టినవి కూడా చేస్తారు. చిన్నోడా, నీకు కొంటే అదే.

అదే కొనాలని కాదు. మన ఊళ్లో కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీతో చేయించుకున్నా బ్రహ్మాండంగా తెగుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు, మనకి ఇది కొత్త విద్యేం కాదు. కాకపోతే ఈ రకం ఉక్కుకి తుప్పు పడుతుంది. నిమ్మకాయ, మామిడికాయ కోస్తే నల్లగా మారుతుంది. ఆ నలుపుతో ఇబ్బంది లేదు, ఎర్రగా వస్తేనే భయపడాలి. పని కాగానే కడిగి, తుడిచి, చుక్క కొబ్బరినూనె రాసే ఓపిక ఉంటే ఈ ఉక్కు మంచిది, సానకు తొందరగా లొంగుతుంది. ఆ ఓపిక లేకపోయినా, కాకినాడలాంటి ఉప్పుగాలి ఊళ్లో ఉన్నా స్టెయిన్‌లెస్ తీసుకోండి. బాపట్లలో చదివే అమ్మాయీ, నీ అంటుకట్టే కత్తికి ఒక పక్కే సాన ఉంటుంది, దాన్ని దీనికీ దానికీ వాడి పాడుచెయ్యకు.

పిడి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెయ్యి తడిచేసుకుని పట్టుకోండి, జారితే వద్దు.

ఇక ఒర. నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే. మడత చాకైతే మూస్తే అయిపోతుంది. మడత పడని కత్తికి ఒరే మూత. పరుపు మీదకి వంగి, కత్తిని ఒరతో సహా తలకిందులు చేసి గట్టిగా విదిలించండి. జారి పడితే ఆ కత్తి ఎంత మంచిదైనా వద్దు, ఎందుకంటే బండి మీద గతుకుల్లో పోతున్నప్పుడు అది మీ తొడ మీదో, సంచిలో ఉన్న ల్యాప్‌టాప్ మీదో పడుతుంది. అలాగని రెండు చేతులతో లాగితే తప్ప రాని ఒర కూడా ప్రమాదమే, ఊడిన ఊపుకి చెయ్యి ఎటు పోతుందో తెలియదు. ఒర అడుగున చిన్న చిల్లు ఉండాలి, నీళ్లు కారిపోవడానికి. తోలు ఒర అందంగానే ఉంటుంది గానీ తడి పీల్చుకుంటుంది. వానాకాలంలో కత్తిని అందులోనే వదిలేస్తే తుప్పు ఖాయం. కత్తి పెట్టేటప్పుడు ఒర నోటి దగ్గర వేళ్లు అడ్డం పెట్టకండి.

మడత చాకు కన్నా ఇది ఎందుకు మేలంటే, కీలు లేదు, వేళ్ల మీద మూసుకోదు, పండ్ల రసం లోపల ఇరుక్కుని కుళ్లదు. కానీ ఊళ్లో, కాలేజీలో తిరిగేవాళ్లకి నిజంగా ఇది కావాలా అంటే నాకు అనుమానమే. పార్సిల్ కోసమైతే చిన్న కత్తెర చాలు, ఎవరూ నిన్ను వింతగా చూడరు.

ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉన్న పెద్దోడా, ఇది నీకే. అక్కడ 1988 నాటి చట్టం ప్రకారం 3 అంగుళాల లోపు ఉండి, తెరిచినప్పుడు లాక్ పడని మడత చాకుకే మినహాయింపు. మడత పడని కత్తి ఎంత చిన్నదైనా బయట దగ్గర ఉంచుకోవాలంటే సరైన కారణం చూపించాలి. ‘నా రక్షణ కోసం’ అంటే అది కారణం కిందకి రాదు, శిక్ష నాలుగేళ్ల దాకా ఉండొచ్చు. క్యాంపింగ్‌కి వెళ్లే రోజే తీసుకెళ్లు, మిగతా రోజులు వంటింట్లో ఉంచు. మన దేశంలో ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో వేశాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి అందులోకి రావు. మన చిన్న కత్తి ఆ కొలతలకి చాలా దూరం. అయినా బడికి, మెట్రోకి, కోర్టుకి, జాతర గుంపులోకి పట్టుకుపోవద్దు. విమానంలో అయితే చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి.

మొద్దుబారిన కత్తే ఎక్కువ కోస్తుంది మనిషిని, బలంగా నొక్కాలి కాబట్టి. పదును చూడ్డానికి బొటనవేలు వాడకండి, పాత న్యూస్‌పేపర్ పట్టుకుని కొయ్యండి, చిరిగిపోకుండా తెగితే చాలు. మోరా కత్తికి అంచు వైపు ఏటవాలుగా చెక్కిన భాగం వెడల్పుగా ఉంటుంది, దాన్ని రాయి మీద ఆనించి రుద్దితే కోణం దానంతటదే కుదురుతుంది. నేర్చుకునేవాళ్లకి అందుకే అది చెబుతున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు సాన పట్టడం ముగ్గురికీ నేర్పిస్తాను. వచ్చేటప్పుడు మీ నాన్నని ఒక పక్క 400, రెండో పక్క 1000 గ్రిట్ (గరుకుని చెప్పే అంకె, పెద్దదైతే నునుపు) ఉన్న సానరాయి తెమ్మనండి. ఇక్కడ దొరకడం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య