ఈకలు రాల్చిన పెట్టను కోసేయకండి: అపోహలు - వాస్తవాలు

నిన్న పొద్దున కూడా అదే ఫోన్. "డాక్టర్ గారూ, పెట్ట బోడిగా అయిపోయింది. పది రోజులుగా గుడ్డు లేదు. మిగతావాటికి అంటకముందే కోసేద్దాం అంటున్నారు ఇంట్లో." వయసెంత అని అడిగాను. ఏడాదిన్నర దాటిందట. మేత తింటోందా? తింటోంది. మెడ మీద కొత్త ఈకల పుల్లలేమైనా వస్తున్నాయా చూడమ్మా అన్నాను. ఆవిడ వెళ్లి చూసొచ్చి, "అవునండీ, చేత్తో నిమిరితే ముళ్లలా గుచ్చుకుంటున్నాయి" అంది. అది రోగం కాదు, పాత ఈకలు తీసేసి కొత్తవి వేసుకుంటోంది, ఆగండి అని చెప్పాను. పగటి పొద్దు తగ్గే రోజులు వచ్చాయంటే ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

అపోహ: ఈకలు రాల్చి గుడ్లు ఆపిన పెట్ట ఇక పెట్టదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఈ మాట నమ్మి ఏటా ఎంతమంది మంచి పెట్టల్ని పోగొట్టుకుంటున్నారో చూస్తుంటే బాధేస్తుంది.

ఈకలో దాదాపు 85 శాతం ప్రొటీనే. ఒంటినిండా కొత్త ఈకలు వేసుకుంటూ రోజూ గుడ్డు కూడా పెట్టడం పెట్ట వల్ల కాదు. అందుకే గుడ్డు ఆపుతుంది. గుడ్డు తయారయ్యే గొట్టం కుంచించుకుపోతుంది, తురాయి పాలిపోయి చిన్నదవుతుంది. చూసేవాళ్లకు ముసలిదైపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ గొట్టం విశ్రాంతి తీసుకుని మళ్లీ కొత్తగా సిద్ధమవుతోంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక ఇంట్లో పాలిపోయిన తురాయి చూసి ఈ పెట్ట పని అయిపోయిందని చెప్పాను. వాళ్లు కోశారు. నేనక్కడే ఉన్నాను. కడుపులో, వెన్నెముకను ఆనుకుని, ఆవగింజలంత పచ్చసొన గింజలు గుత్తిగా ఉన్నాయి. రెండు మూడు నెలలు ఓపిక పడితే అవే గుడ్లయ్యేవి. ఆ గుత్తి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆ తర్వాత రెక్క విప్పి చూడకుండా ఏ పెట్ట గురించీ మాట చెప్పలేదు.

రెక్క ఎందుకంటే, అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. రెక్క చివర పది పెద్ద ఈకలుంటాయి. ఒక్కో ఈక పూర్తిగా పెరగడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. గుడ్లు తక్కువ పెట్టే పెట్ట ముందుగానే మొదలుపెట్టి, వాటిని ఒక్కొక్కటిగా, రెండేసి వారాల తేడాతో రాలుస్తుంది. పదీ పూర్తయ్యేసరికి ఐదారు నెలలు. పైకి మాత్రం ఎప్పుడు చూసినా బాగానే కనిపిస్తుంది. బాగా పెట్టే పెట్ట చివరిదాకా గుడ్లు పెట్టి, ఆలస్యంగా, మూడు నాలుగు ఈకలు ఒకేసారి వదిలేస్తుంది. చూడ్డానికి అధ్వానంగా ఉంటుంది, కానీ రెండు మూడు నెలల్లో పని ముగించుకుని మళ్లీ గూట్లో కూర్చుంటుంది. అంటే అందరికంటే వికారంగా ఉందని మీరు కోయబోయేది చాలాసార్లు మీ మందలో మేలైన పెట్టనే.

అపోహ: ఈకలు రాలడం అంటురోగం, యాంటీబయాటిక్ వేయాలి.

వద్దు. ఈకలు తల దగ్గర మొదలై మెడ, రొమ్ము, వీపు, రెక్కలు, తోక వరసలో రాలుతూ, వెనకే కొత్త పుల్లలు వస్తుంటే అది మామూలే. కొత్త పుల్లలు లేకుండా ఒక్క వీపే బోడిగా ఉంటే పుంజు తొక్కడం వల్ల. గుడ్డు వచ్చే చోట ఈకల మొదళ్లలో తెల్లగా గుడ్లు గుంపులు కట్టి ఉంటే పేలు. మేత మానేసి ముడుచుకుని కూర్చున్నా, ఊపిరి తీస్తుంటే చప్పుడు వచ్చినా, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

అపోహ: మేత తగ్గిస్తే, లేదా రాత్రంతా లైటు వేస్తే త్వరగా గుడ్డుకొస్తుంది.

మేత తగ్గిస్తే ఈక రావడమే ఆలస్యమవుతుంది. ఈకలు మార్చుకునే రోజుల్లో దాణాలో ప్రొటీన్ 18 నుంచి 20 శాతం ఉండాలి. గుడ్డు పెట్టని పెట్టకు లేయర్ దాణాలో, అంటే గుడ్లు పెట్టే కోళ్లకు వేసే దాణాలో ఉన్నంత కాల్షియం అక్కర్లేదు. ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో పెట్టండి, కావాల్సినప్పుడు అదే తింటుంది. లైటు సంగతి ఈకలు పూర్తిగా వచ్చాక చూసుకోవచ్చు. అప్పుడు కూడా తెల్లవారుజామున కొంచెం కొంచెంగా పెంచుతూ, పగటి వెలుతురుతో కలిపి 14 గంటలయ్యేలా వేయండి. రాత్రంతా వద్దు.

ఇంకో మాట. కొత్త పుల్లల్లో రక్తం ఉంటుంది, నొక్కితే నొప్పి. పిల్లలు ముద్దుగా ఎత్తుకోబోతే పెట్ట ఎగిరి తప్పుకుంటుంది. దానికి పొగరు పట్టిందని కసురుకోకండి. కొన్నాళ్లు వదిలేయండి.

మళ్లీ గుడ్డుకొచ్చే ముందు తురాయి ఎర్రబడుతుంది. మీరు దగ్గరికెళ్తే వంగి కూర్చుంటుంది. వెనక రెండు ఎముకల మధ్య ఒక్క వేలే పట్టేచోట రెండు మూడు వేళ్లు పడతాయి. మొదటి ఏడు పెట్టినన్ని రాకపోవచ్చు గానీ, గుడ్డు పెద్దదిగా వస్తుంది, ఈకలు మార్చే ముందున్న పెంకు కంటే గట్టి పెంకుతో. మొదటి ఒకటి రెండు గుడ్లు చిన్నవిగానో, పల్చటి పెంకుతోనో రావచ్చు. అది చూసి మళ్లీ టెన్షన్ పడి ఫోన్ చేస్తారు. నాలుగైదు గుడ్లు పెట్టేదాకా ఆగి చూడండమ్మా.