టికెట్టు, పట్టా, 66 అడుగుల డొంక: అంటారియో భూములపై అపోహలు - వాస్తవాలు

నేను కెనడాలోని అంటారియోలో ల్యాండ్ సర్వేయర్‌ని. ఇక్కడ ఏ పొలం కొలవాలన్నా 200 ఏళ్ల కిందటి కాగితాలు తీయాల్సిందే.

అపోహ: బ్రిటిష్ వాళ్లు వలస వచ్చినవాళ్లకు భూమి ఊరికే పంచారు.

వాస్తవం: ముందు ఇచ్చేది టికెట్టే, అంటే ఫలానా లాటులో (కొలిచి విడదీసిన భూమి ముక్కలో) ఉండొచ్చని రాసిచ్చే చీటీ. 1820ల నాటి షరతుల ప్రకారం 100 ఎకరాలకు 5 ఎకరాల అడవి కొట్టాలి, 16 అడుగులకు 20 అడుగుల ఇల్లు కట్టాలి, తన భూమి ముందున్న రోడ్డులో సగం తానే చదును చేయాలి. అవన్నీ రుజువైతేనే పట్టా.

అపోహ: రైతుల బద్ధకం వల్లే అప్పట్లో రోడ్లు పడలేదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. 1791 చట్టం చర్చి కోసం ఏడో వంతు భూమి పక్కన పెట్టించింది. ప్రభుత్వం తనకోసం మరో ఏడో వంతు ఉంచుకుంది. ఆ లాట్లు ఒకేచోట లేవు, చదరంగం గళ్లలా టౌన్‌షిప్ (సర్వే చేసి లాట్లుగా విడదీసిన ఊరి ప్రాంతం) అంతా చల్లేశారు. వాటి ముందు చెట్లు కొట్టేదెవరు? దూరాన ఉండే ఆసాముల భూములదీ అదే తీరు. రైతు చెమటోడ్చి మొద్దులు పెకిలించి బాట వేసుకుంటే, పక్క లాటు హద్దు దగ్గరే అది ఆగిపోయేది. గోధుమలు మరకు తీసుకెళ్లాలంటే మళ్లీ అడవే, బురదే. 1817లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన రాబర్ట్ గౌర్లే టౌన్‌షిప్‌లకు 31 ప్రశ్నలు పంపి, మీ ఊరు బాగుపడకుండా అడ్డుపడుతున్నదేంటని అడిగితే, చాలా టౌన్‌షిప్‌లు ఈ ఖాళీ భూములనే చూపించాయి. 1819లో ప్రభుత్వం ఆయన్ని అక్కణ్ణుంచే వెళ్లగొట్టింది.

అపోహ: పొలం పక్క డొంకను తాతల నాటి నుంచి దున్నుతున్నాం, అది మాదే.

వాస్తవం: కాదు. లాట్ల మధ్య రోడ్డుకని సాధారణంగా ఒక గొలుసు, అంటే 66 అడుగులు వదిలారు. మన ఊళ్ల పాత ఎఫ్‌ఎంబీల్లో (పొలం కొలతల పుస్తకాల్లో) లింకులు చూసినవాళ్లకు తెలుసు, 100 లింకుల గొలుసు అదే. రోడ్డు వేయకపోయినా, చెట్లు మొలిచినా అది జనం దారే. మున్సిపాలిటీ బైలా (స్థానిక చట్టం) చేసి మూసేసి అమ్మితే తప్ప, ఎన్నేళ్ల అనుభవమున్నా హక్కు రాదు. ఒక పెద్దాయన తాత నాటిన మేపుల్ చెట్ల వరస చూపించి, ఇదే మా హద్దన్నాడు. టేపు పట్టి చూస్తే ఆ వరస డొంకలోకి 11 అడుగులు జరిగి ఉంది. ఆయన చాలాసేపు ఒక చెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

అపోహ: అంతకుముందు ఇదంతా ఎవరిదీ కాని అడవి.

వాస్తవం: టొరంటో నేల మిస్సిసాగా అనే ఆదివాసీ జనానిది. 1787లో బ్రిటిష్ వాళ్లు కొన్నామన్న దస్తావేజులో హద్దులే రాయలేదు. 1805లో 10 షిల్లింగులిచ్చి మళ్లీ రాయించుకున్నారు. ఆ కొనుగోలుపై మిస్సిసాగాల క్లెయిమ్ మరొకదానితో కలిపి 14.5 కోట్ల డాలర్లకు సెటిలైంది 2010లో. ఆ నేల మీదుగా ఉత్తరానికి వెళ్లే యంగ్ స్ట్రీట్‌ని మాత్రం సైనికులు 1796కే వేసేశారు, హద్దులు రాయించుకోవడానికి తొమ్మిదేళ్ల ముందే.