కొత్త వెర్షన్, పాత గ్రిడ్: అపోహలు - వాస్తవాలు

ముందుగా ఒక మాట. మా పనిలో ‘బస్సు’ అంటే ఎక్కి కూర్చునేది కాదు, సబ్‌స్టేషన్‌లో లైన్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ వచ్చి కలిసే చోటు. అలాంటి బస్సులను వేల సంఖ్యలో కంప్యూటర్‌లో కరెంటు గ్రిడ్ నమూనాగా అల్లి, ఫలానా లైను తెగితే ఏమవుతుందో ముందే చూడటం మా ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ మార్చే రోజులు వచ్చాయంటే ఈ కింది మాటలు తప్పకుండా వినపడతాయి.

అపోహ: కొత్త వెర్షన్ వేసుకుంటే నమూనా కూడా తాజాగా మారుతుంది.

మారేది లెక్క కట్టే పద్ధతి, ఫైలు ఆకృతి మాత్రమే. మేం వాడే గ్రిడ్ లెక్కల సాఫ్ట్‌వేర్ పీఎస్ఎస్ఈ 33వ వెర్షన్ నుంచి 34కు వెళ్లినప్పుడు లైను సామర్థ్యానికి మూడు గడులు ఉన్న చోట పన్నెండు వచ్చాయి. పాత అంకెలు సరైన గడుల్లో పడ్డాయో లేదో చూసుకోవలసింది మనమే.

ఒకసారి వెర్షన్ మార్చే తొందరలో పాత ఫైళ్లన్నిటినీ ఒక స్క్రిప్టుతో కొత్త ఆకృతిలోకి తెచ్చాం. అందులో ఒక 400/220 కేవీ సబ్‌స్టేషన్. పక్కపక్కనే రెండు 315 ఎంవీఏ (సామర్థ్యానికి కొలమానం) ట్రాన్స్‌ఫార్మర్లు, రెండింటి ఇంపెడెన్సూ, అంటే కరెంటుకు అవి పెట్టే అడ్డూ, 12.5 శాతమే. అయితే అది ట్రాన్స్‌ఫార్మర్ సొంత సామర్థ్యం మీద లెక్క. నమూనా వాడే 100 ఎంవీఏ ప్రాతిపదికన దాదాపు 4 శాతం అవుతుంది. స్క్రిప్టు ఒకదానికి ఆ మార్పు చేసి, రెండోదాన్ని 12.5గానే వదిలేసింది. అడ్డు తక్కువున్న దారిలోనే కరెంటు ఎక్కువ పోతుంది కాబట్టి, చెరి 200 మెగావాట్లు మోయవలసినవి తెర మీద 304, 96గా పంచుకున్నాయి. మొదటిది నిండిపోతోంది, మూడో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి అని నివేదిక ముసాయిదా కూడా రాసేశాను. అక్కడి షిఫ్టు ఇంజనీరుకు ఫోను చేస్తే నవ్వాడు. “మా దగ్గర రెండు మీటర్లూ ఒకే అంకె చూపిస్తున్నాయి సార్. మీ కంప్యూటరే రెండోదాన్ని చిన్నచూపు చూస్తున్నట్టుంది.”

అపోహ: లెక్క కుదిరిందంటే, అంటే సాఫ్ట్‌వేర్ ఆగిపోకుండా ఒక జవాబుకు చేరిందంటే, డేటా సరిగ్గా ఉన్నట్టే.

పై లెక్క ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కుదిరింది. ఇంతకంటే పెద్ద ఉదాహరణ అమెరికాది. 1996 ఆగస్టు 10న అక్కడి పశ్చిమ గ్రిడ్ ముక్కలై, దాదాపు 75 లక్షల వినియోగదారులకు కరెంటు పోయింది. ఆ రోజు పరికరాల్లో నమోదైన ఊగిసలాట అంతకంతకూ పెరిగింది. తర్వాత అదే ఘటనను అప్పటి ప్రామాణిక డేటాతో కంప్యూటర్‌లో నడిపిస్తే, ఊగిసలాట బుద్ధిగా సద్దుమణిగింది! టర్బైన్ గవర్నర్లు (టర్బైన్ వేగాన్ని అదుపు చేసేవి), డీసీ లైను నియంత్రణ, లోడు (వినియోగదారులు లాగే కరెంటు) స్వభావం వంటివి సవరించాకే తెర మీది గీత అసలు రికార్డుకు దగ్గరైంది.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయితే ఫలితాన్ని నమ్మవచ్చు.

లోడ్ ఫ్లోకు, అంటే ఏ లైనులో ఎంత కరెంటు పోతుందో తేల్చే లెక్కకు, 1967లో టిన్నీ, హార్ట్ ప్రచురించిన న్యూటన్-రాఫ్సన్ పద్ధతినే ఉచితంగా దొరికే మ్యాట్‌పవర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వాడుతుంది. తప్పుడు అంకె ఇస్తే రెండూ ఒకే తప్పు చెబుతాయి.

అపోహ: తయారీదారు నమూనా ఫైలు ఇచ్చాడు కాబట్టి మన పని అయిపోయింది.

2016 సెప్టెంబర్ 28న దక్షిణ ఆస్ట్రేలియాలో సుడిగాలులు లైన్ల టవర్లను కూల్చాయి. రెండు నిమిషాల్లో వోల్టేజీ ఆరుసార్లు కుంగింది. కుంగుబాట్లు ఇన్నిసార్లకు మించితే తప్పుకోవాలనే సెట్టింగ్ అనేక గాలిమరల్లో ఉంది. గ్రిడ్ నడిపే సంస్థకు ఆ సంగతే తెలియదు. ఏడు సెకన్లు కూడా గడవకముందే తొమ్మిది పవన విద్యుత్ కేంద్రాల నుంచి 456 మెగావాట్లు తగ్గాయి. ఆ లోటు పూడ్చబోయి, పక్క రాష్ట్రం విక్టోరియా నుంచి వచ్చే లైను కూడా భారం మించి దానంతటదే విడిపోయింది. రాష్ట్రం మొత్తం చీకటి. అందుకే నేను నమూనా ఫైలుతో పాటు, పరికరంలో ఇప్పుడున్న సెట్టింగుల పట్టిక కూడా అడుగుతాను. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

అపోహ: కొత్తగా కట్టినవి చేర్చుకుంటే సరిపోతుంది.

2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలోకి వచ్చింది. అంతకుముందు గాజువాక, తాల్చేరు-కోలార్ వంటి డీసీ లంకెలే ఆధారం, అవి కరెంటును దాటిస్తాయి కానీ రెండు వైపుల ఫ్రీక్వెన్సీని కలపవు కాబట్టి, ఉత్తరాదిని కొన్ని అంకెలతో సరిపెట్టి మన లెక్క మనం చేసుకునేవాళ్లం. ఆ తర్వాత ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల జనరేటర్ ఆగినా దాని ప్రభావం మన ఫ్రీక్వెన్సీ మీద పడుతుంది. నమూనాలో చేర్చవలసింది ఒక్క లైను కాదు, దాని వెనకున్న దేశం.

ఇక ఒక్క తీగ కూడా మారకుండా గ్రిడ్ మారడం ఉంది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టింది. మోటార్లు తిరిగే వేళలు మారితే, ఏ గంటలో లోడులో వాటి వాటా ఎంతో కూడా మారుతుంది. వోల్టేజీ కుంగినప్పుడు దీపంలా మసకబారి ఊరుకునేది కాదు మోటారు. వేగం తగ్గి, కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఆ వాటా అంకెను పాత ఫైల్లో ఎవరు, ఏ ఏడాది పెట్టారో కనుక్కోవడం చాలా సార్లు కుదరదు. అందుకే ఇప్పుడు ప్రతి బస్సు పక్కనా తేదీకి ఒక గడి, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రాయడానికి ఇంకో గడి పెట్టాను. రెండోది చాలా చోట్ల ఇంకా ఖాళీగానే ఉంది.