ఒక చాప మీద ముగ్గురం

తిరుపతి

పిల్లలూ,

మన ఊళ్ళో ఎటు చూసినా గంధం పూసిన గుండ్లే కనబడతాయి. అలాంటి ఊళ్ళో ఉంటూ మా మనవరాలికి జడ గీయాలన్న పంతం పుట్టింది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగింది కదా, అప్పుడు వాళ్ళ తమ్ముడికి ఆడవేషం కట్టారు. చీర, గాజులు, సవరం పెట్టి అల్లిన జడ, జడకు మల్లెపూలు. అక్క ఊరుకుంటుందా? వాడి బొమ్మ టాబ్లెట్‌లో వేసింది. మొహం అచ్చం వాడిదే. జడ దగ్గరికొచ్చేసరికి ఏడుపు మొహం పెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"తాతా, ఇది జడలాగా లేదు, ఏదో దండలాగా ఉంది. ఎందుకు?"

చూస్తే తమలపాకులు ఒకదాని కింద ఒకటి గుచ్చినట్టుంది. అది చెరిపేసి జడ బ్రష్షనేదేదో వాడిందట. ఒక్క గీత లాగితే జడంతా దానంతటదే పడిపోతుంది. అదేమో ప్యాంటు జిప్పులా వచ్చింది.

నేను నలభై ఏళ్ళు అంగళ్ళ బోర్డులూ గోడల మీద బొమ్మలూ వేసి బతికినవాణ్ణి. టాబ్లెట్ సంగతి ఆ పిల్ల దగ్గరే నేర్చుకుంటున్నా. జడ సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. అది చెప్పాలంటే ముందు మా ఇంటి చాప గురించి చెప్పాలి.

మేం ముగ్గురు అన్నదమ్ములం. ఒకటే చాప, ఒకటే దుప్పటి. అంచున పడుకున్నవాడికి దుప్పటి చాలదు. వాడేం చేస్తాడు? మధ్యలో ఉన్నవాడి మీదుగా దొర్లి తను మధ్యలోకి వస్తాడు, మధ్యవాడు అంచుకు పోతాడు. కాసేపటికి అవతలి అంచువాడికి చలేస్తుంది. వాడూ అంతే చేస్తాడు. ఒకసారి ఎడమవైపు నుంచి, ఒకసారి కుడివైపు నుంచి, తెల్లారేదాకా ఇదే దొర్లుడు. మూడు పాయల జడలో జరిగేదీ ఇదే. మధ్యపాయ తనంతట తాను కదలదు, అంచుపాయే దాని మీదుగా వస్తుంది.

ఎడమవాడు దొర్లాకే కదా కుడివాడి వంతు? అందుకే జడలో కుడిపక్క ముద్ద, అంటే పాయ పైకొచ్చి ఉబ్బిన చోటు, ఎడమపక్క ముద్దకు సరిసమానంగా ఉండదు, సగం కిందికి ఉంటుంది. మధ్యలో గీత కూడా తిన్నగా దిగదు, అటూ ఇటూ వంకర్లు పోతుంది. మా అమ్మణ్ణి రెండు ముద్దల్నీ ఒకే ఎత్తున పెట్టింది. అందుకే అవి తమలపాకులయ్యాయి.

ఇక నీడలు. వీధిదీపం వెలుగు కిటికీలోంచి మా మీద పడేది. పైకి దొర్లినవాడి వీపు ఉబ్బెత్తుగా ఉండి దాని మీద వెలుగు పడేది. ఇంకొకడి కిందికి వాడి కాళ్ళు దూరిన చోట చిమ్మచీకటి. జడలో ప్రతి ముద్దా అలాగే. నడుమ వెలుగు, రెండు కొసలా నీడ, పక్కపాయ కిందికి దూరే చోట బాగా ముదురు. ఆ చీకటి పెట్టకపోతే ఏ పాయా దేని కిందికీ పోయినట్టు కనబడదు, ఎంత మంచి బ్రష్షున్నా సరే.

దాని టాబ్లెట్‌లో ఇది సులువే. అడుగు లేయర్‌లో, అంటే అన్నిటికన్నా కింది పొరలో, జడ ఆకారం ఒకే రంగుతో నింపింది. దాని మీద, రంగు ఆ ఆకారం దాటి బయటికి పోకుండా ఆపే క్లిప్పింగ్ మాస్క్ పెట్టి, కింది రంగును ముదురు చేసే మల్టిప్లై లేయర్‌లో నీడలు వేసింది. అన్నిటికన్నా పైన మెరుపుకో లేయర్. మెరుపు వెంట్రుకల వెంబడి పొడుగ్గా పోదు. ముద్ద ఉబ్బిన చోట వెంట్రుకలకు అడ్డంగా ఒక పట్టీలా పడుతుంది. నూనె రాసిన జడైతే ఆ పట్టీ ఇంకా తళుక్కుమంటుంది.

నల్లజుట్టుకు ఉత్త నలుపు మాత్రం పూయొద్దు. నాకు పని నేర్పినాయన జుట్టు వేసేటప్పుడు నల్లరంగు డబ్బా మూత తీయనిచ్చేవాడు కాదు. ముదురు నీలం, ముదురు గోధుమ కలిపించేవాడు. ముందే నలుపు పూస్తే నీడకు ఇంకేం మిగులుతుంది?

వెంట్రుకలన్నీ గీయొద్దు. తల మీద సుమారు లక్ష ఉంటాయి. ముద్ద రెండు కొసల దగ్గర నాలుగు గీతలు, నడుమ ఖాళీ, జడ పక్కన చెదిరిన వెంట్రుకలు రెండు మూడు. చాలు.

జడ కిందికి దిగేకొద్దీ సన్నబడుతుంది, ముద్దలు చిన్నవవుతాయి. ఇక్కడ నా చాప చిరిగిపోతుంది, ఎందుకంటే మా ముగ్గురిలో తెల్లారేసరికి సన్నబడినవాడు ఒక్కడూ లేడు.

నాకు తొమ్మిదో పదో ఏడు వచ్చినప్పుడు మా అవ్వ మొక్కుకుందని నాకూ జాతరలో వేషం కట్టారు. క్రాపు జుట్టుకు సవరం ఎంతసేపు నిలుస్తుంది? బజారు మధ్యలో ఊడి, వెనకాల వచ్చేవాళ్ళ కాళ్ళకింద పడింది. మా అన్న పడీపడీ నవ్వాడు. ఇంటికొచ్చాక అవ్వ దాన్ని దులిపి గోడమేకుకు తగిలించింది. తల లేని జడను నేను చూడ్డం అదే మొదలు. లాంతరు వెలుగులో దాన్ని చూస్తూ బొగ్గుముక్కతో గోడ మీద గీశాను. తన్నులు తిన్నాననుకోండి. అయినా ఏ పాయ ఎక్కడ మునుగుతుందో ఆ రాత్రే కంటికి దొరికింది. మీకు తప్పును వెనక్కి తీసుకునే బటన్ ఉంది, తన్నులు లేవు. కాబట్టి పది జడలు చెడగొట్టండి, ఏం ఫరవాలేదు. రెడీమేడ్ బ్రష్షు జోలికి మాత్రం పదకొండోదాని తర్వాతే పోండి.

ఇదంతా చెప్పాక కూడా మా మనవరాలు, "మరి కిందికి దూరిన పాయ ఎక్కడికి పోతుంది తాతా?" అంది. నేను జవాబు చెప్పలేదు. మూడు రంగుల రిబ్బన్లు తెచ్చి కిటికీ ఊచకు కట్టి, అల్లమన్నాను. అల్లింది. ఎర్ర రిబ్బను మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగి, మళ్ళీ మొదటికొచ్చి లెక్కపెట్టి, "ఓయబ్బో!" అంది.

ఏం చూసిందో మీకూ చెప్పను. ఎర్రది ఎన్నో ముద్ద దగ్గర, ఏ పక్కనుంచి మళ్ళీ పైకి తేలుతుందో మీరే అల్లి చూడండి. రిబ్బన్లు లేకపోతే అమ్మ జడ వేసుకునేటప్పుడు వెనకాల కూర్చోండి, కదిలించకుండా.

మీ తాత