సీలియాక్ జీన్ టెస్ట్: పాజిటివ్ అని రాగానే భయపడకండి

అపోహ: జీన్ టెస్ట్ పాజిటివ్ వచ్చిందంటే సీలియాక్ జబ్బు ఉన్నట్టే.

కాదు. రిపోర్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది టెన్షన్ ఇదే. అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను. సీలియాక్ అంటే, గోధుమలాంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తిన్నప్పుడు రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగునే దెబ్బతీసే జబ్బు. ఈ టెస్ట్ చూసేది 6వ క్రోమోజోమ్ మీదుండే, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో డీక్యూ2, డీక్యూ8 అనే రకాలు ఉన్నాయా లేవా అని మాత్రమే. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్‌ను మన రోగనిరోధక కణాలు శత్రువుగా పొరబడాలంటే వీటిలో ఏదో ఒకటి ఉండాలి. కానీ అదొక్కటే చాలదు. యూరప్ సంతతి వారిలో 30 నుంచి 40 శాతం మందికి ఈ రకాలు ఉంటాయి. మొత్తం జనాభాలో జబ్బు వచ్చేది మాత్రం సుమారు నూటికి ఒకరికే. మిగతావాళ్లు జీవితాంతం గోధుమ తింటూ హాయిగానే ఉంటారు.

అపోహ: అలాగైతే ఈ టెస్ట్ దండగ.

దీని విలువంతా నెగటివ్ రిపోర్టులో ఉంది. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేకపోతే సీలియాక్ వచ్చే అవకాశం దాదాపు లేనట్టే. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే వాళ్ల పిల్లలకు, తోబుట్టువులకు ఇది పెద్ద ఊరట. మాటిమాటికీ యాంటీబాడీ (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్) టెస్టులు చేయించాల్సిన పని తప్పుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. డీక్యూ2 ప్రొటీన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలుంటాయి. ఒక భాగమే ఉన్నవాళ్లకూ అరుదుగా జబ్బు వస్తుంది. కాబట్టి రిపోర్టులో ఉత్త ‘నెగటివ్’ అని ఉంటే, ఏ భాగాలు చూశారో ల్యాబ్‌ను తప్పకుండా అడగండి.

అపోహ: రక్తం తీస్తేనే ఫలితం నమ్మొచ్చు.

బుగ్గ లోపలి నుంచి తీసిన శాంపిల్ కూడా సరిపోతుంది. డీఎన్‌ఏ ఎక్కడైనా ఒకటే. సూదికి భయపడే పిల్లలకు ఇదే మేలు.

అపోహ: జన్యువు ఉందని తేలింది కాబట్టి ముందుజాగ్రత్తగా గ్లూటెన్ మానేయాలి.

దయచేసి ఈ పని మాత్రం చేయకండి. తిండి మారినా జన్యువు మారదు కాబట్టి జీన్ టెస్ట్‌కు ఇబ్బంది లేదు. కానీ జబ్బు నిజంగా ఉందో లేదో చెప్పేవి టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీ పరీక్ష, అవసరమైతే చిన్నపేగు బయాప్సీ. గ్లూటెన్ మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మెల్లగా కోలుకుంటుంది. అప్పుడు పరీక్ష చేస్తే ఉన్న జబ్బు కూడా లేనట్టు కనిపించవచ్చు. నిర్ధారణ కోసం మళ్లీ వారాల తరబడి గ్లూటెన్ తినాల్సి వస్తుంది. జబ్బు ఉన్నవాళ్లకు ఆ వారాలు నరకం.

జీన్ పాజిటివ్ వచ్చి, విరేచనాలు, తగ్గని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల లోపం లాంటివి ఉంటే, మామూలుగా తింటూనే టీటీజీ ఐజీఏతో పాటు మొత్తం ఐజీఏ (ఐజీఏ రకం యాంటీబాడీలు ఒంట్లో మొత్తం ఎన్ని ఉన్నాయో చూసే పరీక్ష) కూడా చేయించండి. ఐజీఏ లోపం ఉన్నవాళ్లకు ఈ యాంటీబాడీ పరీక్ష తప్పుగా నెగటివ్ రావచ్చు. లక్షణాలేవీ లేకపోయినా, ఇంట్లో దగ్గరివాళ్లకు సీలియాక్ ఉంటే అదే పరీక్ష ఎంతకాలానికోసారి చేయించాలో మీ డాక్టర్‌తో మాట్లాడుకోండి. ఈ జబ్బు ఏ వయసులోనైనా మొదలుకావచ్చు.